బుట్ట పడేదాకా

గెలిచాం. యాభై ఎనిమిది, యాభై ఏడు. వాళ్ల కోర్టులో, వాళ్ల జనం మధ్యలో, వాళ్ల స్కోర్‌బోర్డే ఆ అంకెలు చూపించక తప్పలేదు. మూడేళ్లుగా మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు పరాయి కోర్టుకి వెళ్లడం, ఓడిపోవడం, తిరుగు దారిలో ఎవరి కిటికీ వైపు వాళ్లు మొహం తిప్పుకుని కూర్చోవడం. ఇవాళా అదే బస్సు, అదే రోడ్డు. మధ్యాహ్నం రెండున్నర ఎండ కుడివైపు సీట్లని కాల్చేస్తోంది, అయినా పరదా దించినవాళ్లు లేరు, పక్కనపోయే లారీవాడు కూడా మమ్మల్ని చూడాలి, చూసి ఎవర్రా వీళ్లు అనుకోవాలి. వెనక పిల్లలు సీటు వీపుల మీద దరువేస్తున్నారు. హాస్టల్లో మూడొందల మందికి వండే వంట వదిన గొంతు పోయి గాలి మాత్రమే వస్తోంది, అయినా అరుస్తూనే ఉంది. నా ఒళ్లో పది చొక్కాల మూట. పదీ తడి. పిల్లల చెమట, నా సబ్బు వాసన, టేపు జిగురు, అన్నీ కలిసి తొడల మీదికి దిగుతున్నాయి. నా ఒంటి మీద నాలుగో నంబరు తెల్ల జెర్సీ. అది నాది కాదు, పొట్టి అని పిలుచుకునే మా కెప్టెన్‌ది, చంకల కింద పట్టేసింది, ఊపిరి గట్టిగా పీలిస్తే కుట్టు పోతుంది. అందుకని పీల్చడం లేదని పక్కవాళ్లతో అనొచ్చు. నిజం అది కాదు. నా ముందు సీట్లో కోచ్ మేడమ్ అట్ట మీద కాగితం పెట్టుకుని రిపోర్టు రాస్తోంది. గంటలో కాలేజీ గేటు దగ్గర ఆటల ఆఫీసరు చేతిలో ఆ కాగితం పెట్టాలి. అందులో పొరపాటుకి బాధ్యులు ఎవరు అని ఒక గడి ఉంది. ఆ గడిలో ఆమె తన పేరు రాసుకుంటుంది. ఆ పొరపాటు నాది.

నేను కాలేజీ లాండ్రీలో పనిచేస్తాను. దుప్పట్లు, తువ్వాళ్లు, వంటగది గుడ్డలు, లాబ్ కోట్లు, వాటితో పాటు జట్టు జెర్సీలు. సొంత కోర్టులో తెల్లవి, పరాయి కోర్టులో ముదురు ఎరుపువి. ఇద్దరూ ఒకే రంగు వేసుకుంటే బంతి ఎవరికి విసురుతున్నామో ఎవడికి తెలుస్తుంది? రెండు జతలకీ రెండు సంచులు, నేనే కుట్టాను, తెలివితక్కువగా రెండూ ఒకే గుడ్డతో కుట్టాను. ఉతికాక ప్రతి జెర్సీనీ తిరగేసి మడతపెడతాను, అంకెలు ఒరుసుకుని ఊడిపోకుండా. తిరగేస్తే రెండింటి లోపలి జాలీ గుడ్డ ఒకటే, బూడిద తెలుపు. పైపైన చూస్తే ఏది ఏదో తెలియదు, ఒకదాన్ని తిప్పి చూడాలి. ఇన్నేళ్లుగా ప్రతిసారీ తిప్పి చూశాను. నిన్న పొద్దున చూడలేదు. నిన్న పొద్దున నేను ఉపన్యాసం ఇస్తున్నాను మరి! ఆరబెట్టే మిషను చచ్చి పదిహేను రోజులైంది, సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి చూద్దాం చేద్దాం అని నీళ్లు నమిలాడు, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, నీ ఇంట్లో తడి దుప్పటి కప్పుకుని పడుకో అప్పుడు చూద్దాం అన్నాను, ఇంకా చాలా అన్నాను, అన్నీ న్యాయమైన మాటలే, ఒక్కటీ వెనక్కి తీసుకోను. లోపల ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నోరు సింహంలా గర్జిస్తుంటే చెయ్యి గొర్రెలా దగ్గరున్న సంచిని పట్టుకుంది. ఆ చప్పట్లకి పొంగిపోయి ఠీవిగా తాడు బిగించాను. ఆ ఠీవే నన్ను ముంచింది.

డ్రెస్సింగ్ రూములో పొట్టి మొదటి జెర్సీని తిరగేసింది. తెలుపు. రెండోది తిరగేసింది. తెలుపు. పది మంది పిల్లలు నా వైపు చూడలేదు, అదే నన్ను చంపింది, అందరూ గోడ వైపు చూశారు. రెఫరీ వచ్చి గడియారం చూపించాడు. పావుగంట. ఈలోగా ముదురు రంగు చొక్కాలు, వెనక అంకెలతో, పది ఉంటే ఆట, లేకపోతే ఆడకుండానే ఓటమి. ఉన్నా సరే, తప్పు తప్పే, ఆట మొదలవకముందే వాళ్లకి రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డుపడకుండా బుట్టలోకి విసరడం, పడితే ఒక్కోదానికి ఒక పాయింటు. వాళ్ల మేనేజరు చేతులు నలుపుకుంటూ, నవ్వుతూ, అదనపు జెర్సీలు ఉన్నాయండీ, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడండీ, అన్నాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ప్రతి ఆఫీసు బల్ల వెనకా ఆ నవ్వు ఒకటి కూర్చుని ఉంటుంది. "బాధ్యత ఎవరిది?" అన్నాడు రెఫరీ. నేను సంచి పట్టుకుని మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా కోచ్ మేడమ్ అంది, "నాది సార్. నేనే చూసుకోలేదు." అని సంతకం పెట్టేసింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఊళ్లో వాళ్లందరి నోళ్లూ మూయించే నోరు, దానంతటదే మూసుకుంది, ఈగ కూడా దూరనంత గట్టిగా.

దరువు మారింది. వెనక సీట్ల వాళ్లు ఇప్పుడు "ఎనిమిదా మూడా, మూడా ఎనిమిదా" అని పాట కట్టారు. లెక్కల మాస్టారు లేచి దండం పెడుతున్నాడు. రిటైరై ఆరేళ్లయినా, మాతో కలిశాక ఒక్క ఆట మానని మనిషి. మేం పదహారు మందిమి అభిమానులం. అభిమానులంటే మొహాలకి రంగులు పూసుకున్న కుర్రకారు కాదు. ఆడపిల్లల ఆటకి ఆ కుర్రకారు రాదు. గేటు కాపలా, వంటగది, లాండ్రీ, తోటపని, ఈ మాస్టారు, అంతే. పదహారు మందికీ ఒకే రకం ముదురు ఎరుపు చొక్కాలు. ముదురు రంగు చొక్కాలు కావాలని గ్యాలరీలో తెలియగానే, ఆ సంగతి అందరికంటే ముందు తట్టింది గేటు బాబాయ్‌కి. ఇరవై ఏళ్లుగా గేటు దగ్గర నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయిన మనిషి, గ్యాలరీలో అందరూ చూస్తుండగానే చొక్కా విప్పేశాడు. "ఛీ, అందరి ముందా?" అంది వంట వదిన. "చూస్తే చూడనీవే, నా పొట్ట వాళ్ల తాత సొత్తా?" అన్నాడు. ఆడవాళ్లం బాత్‌రూములోకి పరిగెత్తాం. మా చొక్కాలు పిల్లలకి, వాళ్ల తెల్ల జెర్సీలు మాకు. బాబాయ్‌కి పదకొండో నంబరు బొడ్డు దాకానే వచ్చింది. నా చొక్కా పొట్టికి మోకాళ్ల దాకా వచ్చింది, నిక్కరులోకి దోపుకుంటే నడుం చుట్టూ దిండు కట్టినట్టు ఉంది. మందుల పెట్టెలో ఉన్న ఒక్క తెల్ల టేపు చుట్టతో మాస్టారు నేల మీద కూర్చుని అంకెలు అతికించాడు. ఒకటికి ఇంత, ఏడుకి ఇంత, అని కొలుచుకుంటూ వచ్చి ఆగాడు. "ఎనిమిదో నంబరు ఎవరే? నువ్వొక్కదానివే ముగ్గురి టేపు తింటున్నావ్!" జిరాఫీ అని పిలుచుకునే పొడుగు పిల్ల చెయ్యెత్తింది. టేపుని నిలువునా రెండుగా చీల్చి, సన్నగా, ఎముకల్లాంటి ఎనిమిది వేశాడు. రెఫరీ బాబాయ్ చొక్కా దగ్గర ఆగి వేలితో చూపించాడు. "ఇదేం రంగు? గులాబీయా?" "ఎరుపే సార్" అన్నాడు బాబాయ్, "ఎండలో డ్యూటీ చేసిన ఎరుపు." ఆయన పక్క చొక్కా దగ్గరికి వెళ్లిపోయాడు. ఎండలో డ్యూటీ చెయ్యనివాడు ఎవడూ ఆ మాటకి జవాబు చెప్పలేడు.

మా పిల్లలు అలా కోర్టులోకి వస్తుంటే రెండు వేల మంది ఒక్కసారి నవ్వారు. "ఆంటీల జట్టు! ఆంటీల జట్టు!" రెండు ఫ్రీ త్రోలూ పడ్డాయి, రెండు సున్నా, ఆ రెండూ నేను వాళ్లకి వాయనం ఇచ్చినట్టే ఇచ్చాను. తర్వాత ఏడు. తొమ్మిది సున్నా. అయిదు నిమిషాలు గడిచినా మాకు ఒక్క బుట్ట పడలేదు, మేం నిలబడే ఉన్నాం. మా పద్ధతి అది. మా పిల్లలకి మొదటి బుట్ట పడేదాకా మాలో ఎవరూ కూర్చోరు. మొదట్లో కుర్చీలు లేక నిలబడేవాళ్లం, కుర్చీలు వచ్చిన రోజున బాబాయ్ అన్నాడు, కూర్చోవడం ఎందుకు ఊరికే, సంపాదించుకుని కూర్చుందాం, అని. అప్పటి నుంచీ అది రూలు. వాళ్ల సెక్యూరిటీ మనిషి వచ్చి కూర్చోమన్నాడు. "బుట్ట పడనీ బాబూ, మేమే కూర్చుంటాం" అంది వదిన. "ఈ లెక్కన సాయంత్రం దాకా నిలబడతారు" అన్నాడు. బాబాయ్ మోకాలు వణుకుతోంది, నా భుజం పట్టుకున్నాడు, ఆ బరువు నా తప్పు బరువు, ఆ వణుకు నా వల్ల, వాళ్ల కాళ్లకి అడ్డం పడుతున్న ఆ పెద్ద చొక్కాలు నా వల్ల, ఒక పిల్ల జారి పడింది, పొట్టి, నా చొక్కాలోనే పడింది, అప్పుడు నా నోటి నుంచి వచ్చింది, "లే!"

ఆ మాట నాలుగేళ్ల నాటిది. ఆరబెట్టే గది కిటికీ మా ఇండోర్ కోర్టులోకి తెరుచుకుంటుంది. ఒకరోజు తడి దుప్పటి తాడు మీద వేస్తూ చూశాను. ఖాళీ గ్యాలరీ, పది మంది పిల్లలు, ఎదుటి జట్టు, ఎవరూ చూడని ఆట. ఒక చిన్న ఆకారం ఎగిరి, దెబ్బ తగిలి, వీపు మీద పడింది. అయ్యో అన్నవాళ్లు లేరు. అంత పెద్ద హాల్లో ఒక ఆడపిల్ల పడితే ఒక్క శబ్దం లేదు, బంతి మాత్రం దానిమానాన అది దొర్లుకుంటూ పోయింది. దుప్పటి పట్టుకునే కిటికీలోంచి సగం బయటికి వంగి "లే!" అని అరిచాను. ఆ పిల్ల తల తిప్పి చూసి, లేచింది. మరుసటి ఆటకి వదినని లాక్కొచ్చాను, వదిన బాబాయ్‌ని, బాబాయ్ మాస్టారుని. అంతే మా సంఘం. ఇవాళ పదహారు గొంతులూ "లే! లే! లే!" అంటే పొట్టి లేచింది, లేస్తూ లేస్తూనే బంతి లాక్కుంది, మొత్తం కోర్టు దాటి వెళ్లి ఎడం చేత్తో వేసింది. పడింది. పదహారు మందిమీ ఒక్కసారి కూర్చున్నాం. ఆ కూర్చున్న చప్పుడుకి వాళ్ల జనం తిరిగి చూశారు. బాబాయ్ మూలిగిన మూలుగు మా జట్టు కోట్ల కాంట్రాక్టు గెలిచినట్టు ఉంది.

ఆ తర్వాత ఆటంతా నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. చెమటకి టేపులు ఊడడం. జిరాఫీ వీపు మీద ఎనిమిది ఎడమ సగం ఊడి మూడైపోతే రెఫరీ ఈల వేసి ఆట ఆపడం. మాస్టారు కుర్చీ ఎక్కి "అది ఎనిమిదే సార్, నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నా మాట నమ్మండి!" అని అరవడం. వాళ్ల జనం కూడా నవ్వడం, ఈసారి వేరే నవ్వు. సగం ఆటకి పదకొండు వెనక. మూడో భాగానికి ఆరు. తర్వాత నాలుగు. ముప్పై సెకన్లు ఉండగా ఒక్కటి వెనక. ఒక్కటి! ఆ రెండు ఫ్రీ త్రోలు లేకపోతే మేం ఒకటి ముందు ఉండేవాళ్లం. ఆ లెక్క చెయ్యడానికి మాస్టారు అక్కర్లేదు, నా గుండె చేసేసింది. పొట్టి లోపలికి దూరింది, ముగ్గురు మీద పడ్డారు, నా చొక్కా నడుం దగ్గర ఊడి జెండాలా ఎగిరింది, ఆ గుడ్డ చాటు నుంచి బంతి ఎలా బయటికి వచ్చిందో తెలియదు, జిరాఫీ చేతుల్లో ఉంది. వేసింది. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. రెండు వేల మంది ఊపిరి బిగబట్టారు. పడింది. వాళ్లకి ఏడు సెకన్లు మిగిలాయి, ఒక్క ప్రయత్నం, రింగుకి తగిలి బయటికి. బజరు. వదిన నన్ను ఎత్తేసింది. నన్ను! డెబ్బై కిలోలు! పదకొండో నంబరు బాబాయ్ వాళ్ల జట్టు వైపు కూర్చున్న, ఎవరో తెలియని పెద్దావిడని కౌగిలించుకుని ఏడ్చాడు, ఆవిడ కూడా పాపం వీపు నిమిరింది.

ఇప్పుడు ఆ ముందు సీట్లో కలం గీకుతున్న చప్పుడు. ఇంత గోలలో అది ఒక్కటే ఎలా వినిపిస్తోందో. మా లాండ్రీ గోడ మీద నా చేత్తో, ఎర్ర రంగుతో, నిలువెత్తు అక్షరాలతో ఒక మాట రాసి ఉంది. తప్పు చేసినవాళ్ల పేరే తప్పు కింద రాయాలి. తొమ్మిదేళ్ల కిందట, నాకు ఇస్త్రీ నేర్పిన పెద్దమ్మ పేరు మీద కాలిపోయిన నలభై దుప్పట్లు రాశారు. మిషను ఆపకుండా వెళ్లింది అప్పటి సూపర్‌వైజరు. పెద్దమ్మకి చదువు రాదు, వేలిముద్ర వేయించుకున్నారు, ఏమిటో కూడా తెలియకుండా వేసింది. పంతొమ్మిది రోజులు మిషన్లు ఆపి కూర్చున్నాం. పదిహేడో రోజున సబ్బు నీళ్ల వాసన లేని గదిలో కూర్చుంటే నాకే భయమేసింది, అయినా లేవలేదు. చివరికి ఆ కాగితం చించి, పెద్దమ్మ పేరు కొట్టేసి, వాడి పేరు రాశారు. ఆ మాట నేనే కనిపెట్టాను, నేనే గోడ మీద రాశాను, పిల్లలు జెర్సీలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా నా గొంతు అనుకరిస్తూ చదివి నవ్వుతారు. కోచ్ మేడమ్ కూడా నవ్వేది. ఆవిడది ఏడాదికోసారి కొత్త కాగితం మీద బతికే ఉద్యోగం. ఆటల ఆఫీసరుకి ఆ కుర్చీలో తన బావమరిదిని కూర్చోబెట్టాలని ఎప్పటి నుంచో ఉంది, కావలసిందల్లా ఒక్క గడిలో ఒక్క పేరు. గెలిచాం కదా, ఎవరు చూస్తారు ఆ గడి, అంటోంది నాలోంచి ఒక గొంతు. గెలుపు గడియలో గడులు ఎవడు చదువుతాడు? చదువుతాడే, పిచ్చిదానా, వాడు ఆ ఒక్క గడే చదువుతాడు! నాకేం పోతుంది, ఒక మెమో. అది కాదు నా భయం. సూపర్‌వైజరు నవ్వుతాడు. రేపటి నుంచి నేను నోరు తెరిస్తే, ముందు సంచి చూసుకోమ్మా, అంటాడు. ఈ నోరు ఒక్కటే నా ఆస్తి, దాని విలువ పోతుంది. పోతుందా? మూసుకున్న నోటికి విలువ ఎక్కడుంది? పెద్దమ్మకి రాయడం రాక వేలిముద్ర వేసింది. కోచ్ మేడమ్‌కి రాయడం వచ్చి వేస్తోంది. రెండు వేలిముద్రలూ ఒకటే. మొదటిదానికి వాడు ముద్దాయి. రెండోదానికి నేను.

కాలేజీ వైపు మలుపు. దూరంగా నీళ్ల ట్యాంకు కనిపిస్తోంది. అయిదు నిమిషాలు.

లేచాను. మూట సీటు మీద పెట్టి, సీట్ల మధ్య దారిలో, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటే, దిగడానికి అంత తొందరేంటి? కూర్చో" అంది వదిన, గాలి గొంతుతో.

"కూర్చోను. బుట్ట పడలేదు."

"పిచ్చెక్కిందా అక్కా?" అంది పొట్టి. "యాభై ఎనిమిది వేశాం!"

"మీవి పడ్డాయి. నాది పడలేదు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. బాబాయ్ మాత్రం నా మొహం చూశాడు. చూసి, సీటు పట్టుకుని, ఒక మోకాలు తర్వాత ఒక మోకాలు కూడదీసుకుంటూ లేచాడు. "రూలు రూలే" అన్నాడు, "పడేదాకా కూర్చోకూడదు." మాస్టారు లేచాడు. వదిన తిట్టుకుంటూ లేచింది. దరువు ఆగిపోయింది. తోటపని వాళ్లు, జిరాఫీ, పొట్టి, ఒక్కొక్కరే, ఎందుకో తెలియకుండానే బస్సంతా లేచి నిలబడింది. "ఏయ్, ఏంటిది, కూర్చోండమ్మా, బ్రేకేస్తే పడతారు!" అని డ్రైవరు అద్దంలోంచి అరిచాడు. కోచ్ మేడమ్ ఒక్కతే కూర్చుని, వెనక్కి తిరిగి, తల అడ్డంగా ఊపింది. వద్దు అని. ఆమెకి తెలుసు. ఆ డ్రెస్సింగ్ రూములోనే తెలుసు.

"తెల్లవి పెట్టింది నేను. తిప్పి చూడలేదు. సూపర్‌వైజరు మీద అరుస్తూ, చప్పట్లు కొడితే వింటూ, తప్పు సంచి కట్టాను. ఆ రెండు పాయింట్లు నావి. ఆవిడ నాది అంటుంటే పక్కనే నిలబడి ఊరుకున్నది కూడా నేనే."

బస్సు గుంతలో పడి లేచింది.

"సంచి తెరిచి చూడాల్సిన పని నాది కూడా అక్కా" అంది కోచ్ మేడమ్ మెల్లగా.

"నీది నువ్వు రాసుకో. నాది నాకివ్వు."

చెయ్యి చాపాను. కాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది, కలం కూడా. ఆ గడిలో అప్పటికే ఆమె పేరు ఉంది. దాన్ని కొట్టేయలేదు, ఒప్పుకోదని తెలుసు. దాని కింద, గడి దాటిపోయేంత పెద్ద అక్షరాలతో నా పేరు రాశాను, పక్కన లాండ్రీ అని రాశాను. కుదుపుకి అక్షరాలు మాస్టారు టేపు అంకెల్లా వంకరటింకరగా వచ్చాయి. రానీ. చదవడానికి వస్తే చాలు. రేపు సూపర్‌వైజరు నవ్వుతాడు, కడుపు నిండా నవ్వనీ, నవ్వడం అయ్యాక ఆరబెట్టే మిషను ఎప్పుడు బాగుచేయిస్తావని అడుగుతాను.

కాగితం తిరిగి ఇచ్చాను. పొట్టి నన్ను చూస్తోంది. నా చొక్కా మూటలో ఉంది, తన చొక్కా నా ఒంటి మీద ఉంది. ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తింది.

"పడింది!"

బస్సంతా ధబ్‌మని కూర్చుంది. "ఈ ముక్క కూర్చుని చెప్పొచ్చు కదే, నా మోకాలు తిన్నావ్" అని బాబాయ్ మూలిగాడు, వదిన గొంతులోంచి ఈల లాంటి నవ్వు వచ్చింది, దరువు మళ్లీ మొదలైంది, ఈసారి "ఎనిమిదా మూడా" అని కాదు, "లాండ్రీ, లాండ్రీ" అని. గేటు కనిపించింది. గేటు దగ్గర ఆటల ఆఫీసరు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది. కూర్చున్నాను. దారి పొడవునా దాచుకున్న ఊపిరి గుండెల నిండా పీల్చాను, చంక కింద కుట్టు పర్రుమని పోయింది. పోనీ. రేపు నేనే కుడతాను.